హాలోజన్ నుంచి ఎల్‌ఈడీకి: బల్బుతో పాటు దాని వెనక ఉన్నదాన్ని కూడా సురక్షితంగా మార్చుకునే పద్ధతి

హాలోజన్ బల్బు ఊడదీసి దాని స్థానంలో ఎల్‌ఈడీ బల్బు పెడితే పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. కరెంటు బిల్లు వరకే చూస్తే అది కొంతవరకు నిజమే. భద్రత విషయానికి వస్తే మాత్రం, ఏళ్ల తరబడి ఆ బల్బు వేడికి ఎండిపోయిన హోల్డరు, పెళుసెక్కిన వైర్లు, ఫాల్స్ సీలింగ్ పైన ఎవరి కంటా పడకుండా ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే మిగిలిపోతాయి. అందుకే ఈ మార్పును బల్బు వైపు నుంచి కాకుండా దాని వెనక వైపు నుంచి మొదలుపెట్టండి. కింద చెప్పిన వరుసలో చేసుకుంటూ వెళ్తే ఏ పని మీరే చేసుకోవచ్చో, ఎక్కడ ఎలక్ట్రీషియన్‌ను పిలవాలో స్పష్టంగా తెలుస్తుంది.

హాలోజన్‌కు వేడి ఎందుకు తప్పదో ముందు తెలుసుకోండి

హాలోజన్ బల్బు కూడా టంగ్‌స్టన్ తీగ కాలి వెలిగే దీపమే. తీగ నుంచి ఆవిరయ్యే టంగ్‌స్టన్, బల్బులో నింపిన అయొడిన్ లేదా బ్రోమిన్ ఆవిరితో కలిసి, తిరిగి తీగ దగ్గరకే చేరుతుంది. ఈ చక్రం సాగాలంటే బల్బు గోడ కనీసం 250 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి. అంటే ఆ వేడి తయారీలో జరిగిన లోపం కాదు, ఆ దీపం పనిచేయడానికి ఉండి తీరాల్సిన షరతు. మామూలు గాజు ఆ వేడిని తట్టుకోలేదు కాబట్టి క్వార్ట్జ్ గాజు వాడతారు. లోపలి వాయువు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి బల్బు పగిలితే ముక్కలు దూరంగా చిమ్ముతాయి.

ఇళ్లలో ఫాల్స్ సీలింగ్‌కు బిగించే చిన్న గిన్నె ఆకారపు స్పాట్ లైట్ల విషయంలో మరో సంగతి ఉంది. వాటి వెనకున్న మెరిసే అద్దం వెలుతురును కిందికి పంపి, వేడిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి వదిలేలా తయారవుతుంది. కింద కూర్చున్నవారికి ఉక్కపోయకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు అది. ఆ వేడంతా వెళ్లేది మాత్రం సీలింగ్ పైనున్న ఇరుకైన, గాలి ఆడని ఖాళీలోకి. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే భరించేలా తయారవుతుంది. జిప్సమ్ బోర్డు తేలిగ్గా అంటుకోకపోయినా, దాని చుట్టూ వాడిన ప్లైవుడ్, థర్మోకోల్, పీవీసీ ప్యానెళ్లు, ఏళ్లుగా పేరుకున్న దుమ్ము, బూజు అలాంటివి కావు.

ఈ ప్రమాదాన్ని అమెరికా పెద్ద ఎత్తున చవిచూసింది. 1990లలో అక్కడ నిలువు స్తంభం మీద పైకి తిరిగి వెలిగే హాలోజన్ దీపాలు ఇంటింటా ఉండేవి. వాటికి కర్టెన్లు తగిలి మంటలు లేచిన ఘటనలు వరసగా నమోదయ్యాయి. 1997 జనవరిలో జాజ్ సంగీతకారుడు లయొనెల్ హాంప్టన్ న్యూయార్క్ అపార్ట్‌మెంట్ కూడా అలాంటి దీపం వల్లే తగలబడింది. అదే ఏడాది అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ దాదాపు 4 కోట్ల దీపాలకు తీగ జాలీ రక్షణ బిగించుకోవాలని చెప్పాల్సి వచ్చింది.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో గుర్తించండి

బజారుకు వెళ్లే ముందు చేయవలసిన పని ఇది. సీలింగ్‌లోని స్పాట్ లైటుకు వెనక సన్నటి రెండు పిన్నులు ఉండి, దాని మీద 12 వోల్టులు అని రాసి ఉంటే అది ఎంఆర్ 16 రకం, దాని వెనక ఎక్కడో 230 వోల్టులను 12కు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పకుండా ఉంటుంది. పిన్నుల చివర్లు బొడిపెల్లా లావుగా ఉండి, తిప్పితే బిగుసుకునే రకమైతే అది జీయూ 10, నేరుగా 230 వోల్టుల మీద నడుస్తుంది. షోకేసుల్లో, షాండ్లియర్లలో ఉండే వేలి కణుపంత చిన్న బల్బుల్లో జీ 4 రకం 12 వోల్టులది, జీ 9 రకం 230 వోల్టులది. పెరట్లో, డాబా మీద, దుకాణం బోర్డు పైన పెట్టే ఫోకస్ లైటులో పొడవాటి గాజు గొట్టం రెండు కొసలా బిగించి ఉంటే అది ఆర్‌7ఎస్ రకం. ఇది సాధారణంగా 150 నుంచి 1000 వాట్ల దాకా ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన ఊళ్లలో ఎత్తు మీద నుంచి గట్టిగా వెలిగే ప్రతి దీపాన్నీ హాలోజన్ అనే పిలుస్తారు. స్విచ్ వేసిన వెంటనే పూర్తి వెలుతురు వస్తేనే అది నిజమైన హాలోజన్. నిమిషాల కొద్దీ మెల్లగా పుంజుకుని, ఆపి మళ్లీ వేస్తే వెంటనే వెలగని దీపం మెటల్ హేలైడ్‌దో సోడియం వేపర్‌దో అయి ఉంటుంది. వాటిలో చోక్, కెపాసిటర్, వేల వోల్టుల దెబ్బతో దీపాన్ని వెలిగించే ఇగ్నైటర్ ఉంటాయి. మెయిన్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు. అలాంటి దీపాన్ని మీరు విప్పకండి. మొత్తం ఫిట్టింగునే ఎలక్ట్రీషియన్‌తో తీయించి కొత్త ఎల్‌ఈడీ ఫోకస్ లైటు పెట్టించండి.

కరెంటును నిజంగా ఆపండి

మెయిన్ దించినంత మాత్రాన ఇంట్లో కరెంటు ఆగిపోయిందని నమ్మకండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే, సరిగ్గా మీరు చేయి పెట్టబోతున్న లైట్లకే ఇన్వర్టర్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. కాబట్టి ముందు ఇన్వర్టర్‌ను దాని స్విచ్ దగ్గర ఆపి, దాని నుంచి ఇంట్లోకి వచ్చే లైను ఎమ్‌సీబీ ఉంటే దాన్ని కూడా దించి, ఆ తరువాత మెయిన్ దించండి. ఇంట్లో ఎవరూ పొరపాటున మళ్లీ పైకి ఎత్తకుండా బోర్డు మీద కాగితం అంటించండి, లేదా ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి.

టెస్టర్‌ను వాడే ముందు, మెయిన్ దించకముందే కరెంటు ఉన్న ఏదో ఒక సాకెట్ మీద పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. పాడైన టెస్టర్ కరెంటు ఉన్న వైరు దగ్గర కూడా వెలగదు. మెయిన్ దించాక హోల్డరు దగ్గర రెండు వైర్లనూ పరీక్షించండి. కొన్ని పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద వేసి ఉంచుతారు. అక్కడ స్విచ్ ఆపినా హోల్డరు దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది.

బల్బు ఇప్పటిదాకా వెలిగి ఉంటే కనీసం పావుగంట చల్లారనివ్వండి. నిచ్చెనను మరొకరు పట్టుకుని ఉండగానే ఎక్కండి.

హోల్డరును, వైరును దగ్గరగా చూడండి

స్పాట్ లైటు చట్రాన్ని రెండు పక్కల స్ప్రింగులు నొక్కి కిందికి దించితే హోల్డరు, దాని వైర్లు బయటికి వస్తాయి. తొందరపడి కొత్తది తగిలించకుండా టార్చి వేసి చూడండి. హోల్డరు పింగాణీ ముక్క మీద పిన్నులు దూరే రంధ్రాల చుట్టూ నల్లటి మచ్చ ఉందా? వైరు పైతొడుగు గోధుమ రంగులోకి మారిందా? వైరును మెల్లగా వంచితే తొడుగు పెళుసుగా చిట్లుతోందా, లోపలి రాగి తీగ కనబడుతోందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా, వైరును మంచి తొడుగు ఉన్న చోటిదాకా కత్తిరించి కొత్త ముక్క వేయించాలి. ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టడం పనికిరాదు, ఎందుకంటే టేపు జిగురు కూడా వేడికి ఊడిపోతుంది.

12 వోల్టుల రకంలో ఈ పరీక్ష మరీ ముఖ్యం. 12 వోల్టులంటే ప్రమాదం లేదనే భావన మనలో ఉంది. షాక్ విషయంలో ఆ మాట సరైనదే, నిప్పు విషయంలో కాదు. 50 వాట్ల బల్బు 230 వోల్టుల మీద 0.22 ఆంపియర్ల కరెంటు తీసుకుంటే, 12 వోల్టుల మీద 4 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. ఎక్కడైనా బిగింపు వదులైతే అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. సీలింగ్ పైన కాలిన కనెక్టర్లు ఎక్కువగా 12 వోల్టుల వైపే కనిపించడానికి కారణం ఇదే.

పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉంచాలా, తీయాలా

తీసేయమనే నా సలహా. హాలోజన్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కనీస లోడు ఉంటుంది. దాని మీద 20–60 వాట్లు అని రాసి ఉంటే, 20 వాట్లకు తక్కువ లోడు తగిలినప్పుడు అది సరిగా పనిచేయదు. దానికి 5 వాట్ల ఎల్‌ఈడీ తగిలిస్తే దీపం మినుకుమినుకుమంటుంది, లేదా అసలు వెలగదు, లేదా కొన్ని నెలల్లో పాడవుతుంది. ఎల్‌ఈడీ నాసిరకమని దుకాణదారుతో వాదనకు దిగే చాలా సందర్భాల్లో అసలు తప్పు ఈ పాత ట్రాన్స్‌ఫార్మర్‌ది. పైగా అది బల్బు వెనక వేడికి ఏళ్లుగా ఉడికిన వస్తువు. దాన్ని అక్కడే వదిలేసి కొత్త దీపం మీద ఆశ పెట్టుకోవడం సరికాదు.

రెండు దారులున్నాయి. చట్రం బాగుంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను, 12 వోల్టుల హోల్డరును తీసేసి, జీయూ 10 హోల్డరు బిగించి, 230 వోల్టుల ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవచ్చు. చట్రం కూడా తుప్పుపట్టి ఉంటే, సొంత డ్రైవర్‌తో (ఇంటి కరెంటును ఎల్‌ఈడీకి తగినట్టు మార్చి ఇచ్చే చిన్న పెట్టెతో) వచ్చే ఎల్‌ఈడీ స్పాట్ లైటునే మొత్తంగా పెట్టుకోవడం మేలు. అలా కొనేటప్పుడు సీలింగ్‌లో ఉన్న రంధ్రం వ్యాసాన్ని టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి. రంధ్రాన్ని పెద్దది చేయవచ్చు గానీ చిన్నది చేయలేం.

డ్రైవర్‌ను లైటుకు కలిపిన తరువాతే కరెంటు ఇవ్వాలి. కరెంటు ఉన్న డ్రైవర్‌కు లైటును తగిలిస్తే చిప్ మాడిపోవచ్చు. ఒక లైటు డ్రైవర్‌ను మరో లైటుకు వాడకూడదు. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టే బదులు స్క్రూ కనెక్టర్ వాడి, బిగించాక ఒక్కో వైరునూ లాగి చూడండి. ఎల్‌ఈడీ తన వేడిని ముందుకు చిమ్మదు, వెనకున్న అల్యూమినియం ఒంటి ద్వారా గాలిలోకి వదులుతుంది. ఆ గాలి ఆడకపోతే డ్రైవర్‌లోని కెపాసిటర్ త్వరగా ఎండిపోయి దీపం ఆయుష్షు పడిపోతుంది. కాబట్టి డ్రైవర్ మీద దూది లాంటి ఇన్సులేషన్ కప్పవద్దు, దాన్ని దీపం నెత్తిన కాకుండా కాస్త పక్కకు జరిపి పెట్టండి.

ఏది కొనాలి

వాట్లను బట్టి కాకుండా, వెలుతురును కొలిచే ల్యూమెన్లను బట్టి కొనండి. 50 వాట్ల హాలోజన్ స్పాట్ స్థానంలో 450 నుంచి 600 ల్యూమెన్ల ఎల్‌ఈడీ సరిపోతుంది, అది 5 నుంచి 7 వాట్లలో వస్తుంది. 500 వాట్ల ఫోకస్ లైటు ఇచ్చే వెలుతురు 9,000 ల్యూమెన్లకు పైచిలుకు. ఎల్‌ఈడీలో అది 100 వాట్లలోపే దొరుకుతుంది.

రంగు విషయంలో హాలోజన్ దాదాపు 3000 కెల్విన్ల పసుపు కలిసిన వెచ్చటి వెలుతురు ఇస్తుంది. హాల్లో, పూజగదిలో అదే వెలుతురు కావాలనుకుంటే 3000 కెల్విన్లదే అడగండి. అడగకపోతే మన దుకాణాల్లో ఎక్కువగా చేతికిచ్చేది 6500 కెల్విన్ల తెల్లటిది. వంటగదికి, పిల్లలు చదువుకునే బల్లకు 4000 కెల్విన్లు బాగుంటుంది. చీరల దుకాణం, నగల దుకాణం నడిపేవారు సీఆర్ఐ అనే అంకెను తప్పక చూడాలి. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించడాన్ని కొలిచే ఆ అంకె హాలోజన్‌కు దాదాపు 100 ఉంటుంది. ఎల్‌ఈడీలో ఇంటికి 80 చాలు, పట్టుచీర అంచు రంగు గడప దాటాక మారినట్టు కనిపించకూడదంటే 90కి తగ్గకూడదు. అద్దాల అరలో ఉన్న పట్టుకు ఎల్‌ఈడీ వల్ల మరో మేలు ఉంది. హాలోజన్‌లో కొంత అతినీలలోహిత కిరణం ఉంటుంది, వేడి ఎలాగూ ఉంటుంది; ఎల్‌ఈడీ నుంచి ఆ కిరణం దాదాపు రాదు.

మన దేశంలో ఎల్‌ఈడీ బల్బులకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. బల్బు మీద ఐఎస్ 16102 అనే ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. విడి డ్రైవర్ మీద ఐఎస్ 15885 ఉండాలి. ఆ ఆర్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఏ తయారీదారుదో తెలుస్తుంది. దుకాణంలో నిలబడే ఈ పని చేయండి. అమెరికా నుంచి వచ్చే బంధువులు సూట్‌కేసులో తెచ్చిచ్చే బల్బులను మాత్రం వోల్టేజీ చూడకుండా పెట్టకండి. అక్కడి సరఫరా 120 వోల్టులు. ఆ వోల్టేజీకే చేసిన బల్బు మన 230 వోల్టుల మీద పొగలు కక్కుతుంది.

పెరట్లో, పందిట్లో

500 వాట్ల ఫోకస్ లైటును నేను అన్నింటికన్నా ముందు మార్చమంటాను. పెళ్లిపందిరిలో, వినాయక చవితి మండపంలో వాటిని వెదురు గడలకు కట్టి, షామియానా గుడ్డకు జానెడు దూరంలో వెలిగించడం మనం చూస్తూనే ఉంటాం. ముందు అద్దం పగిలిపోయినా అలాగే వాడుతుంటారు. ఆ అద్దం వాన కోసం మాత్రమే పెట్టింది కాదు. గొట్టం పేలితే ఎర్రగా కాలే ముక్కలు గుడ్డ మీద, మనుషుల మీద పడకుండా ఆపేది అదే. మీ వీధి మండపానికి లైట్ల వాళ్లను మాట్లాడేటప్పుడే హాలోజన్ వద్దని, ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లే కావాలని చెప్పండి. తప్పనిసరై హాలోజన్ వాడాల్సి వస్తే, అది వెలుగు చిమ్మే వైపు కనీసం ఒక మీటరు దూరం వరకు గుడ్డ, కాగితం, ఎండుటాకుల తోరణం ఏదీ లేకుండా చూడండి.

ఆరుబయట పెట్టే ఎల్‌ఈడీకి, దుమ్ము, నీళ్లు లోపలికి చేరకుండా ఆపే రక్షణ స్థాయిని చెప్పే ఐపీ 65 గుర్తు ఉండాలి. వైరు దూరే చోట రబ్బరు బిగింపు సరిగా లేకపోతే ఐపీ 65 అని రాసి ఉన్న దీపంలోకి కూడా తొలకరి వానకే నీళ్లు చేరతాయి. పిడుగులు, వోల్టేజీ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే పల్లెల్లో 4 కిలోవోల్టుల సర్జ్ రక్షణ ఉన్నది తీసుకోండి. లోహపు ఒళ్లు ఉన్న ఫోకస్ లైటుకు పచ్చ వైరు ఇస్తారు. దాన్ని ఎర్త్‌కు కలపకుండా కత్తిరించి వదిలేయడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, అది తప్పని కూడా ఎవరికీ తోచడం లేదు. వాన తడిలో ఆ ఒంటికి ఫేజ్ తగిలితే, దాన్ని ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. పచ్చ వైరు కలిపిన తరువాతే దీపం వెలిగించమని పట్టుబట్టండి.

బిగించాక కనిపించే చిక్కులు

స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూ ఉంటే దాన్ని పాడైన బల్బు అనుకోకండి. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా పారే కొద్దిపాటి కరెంటు ఎల్‌ఈడీని మసకగా వెలిగించడానికి సరిపోతుంది. అది అపాయం కాదు, ఇండికేటర్ లేని స్విచ్ పెడితే పోతుంది. ఇండికేటర్ లేకపోయినా వెలుగుతోందంటే స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉండవచ్చు. అది అపాయమే, వెంటనే ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్ మీదికి మార్పించాలి.

వెలుతురును తగ్గించి పెంచే పాత డిమ్మర్ హాలోజన్ లోడుకు చేసింది కాబట్టి, డిమ్మబుల్ అని రాయని ఎల్‌ఈడీని దాని మీద పెట్టవద్దు. అరగంట వెలిగించాక చట్రాన్ని ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండాలే గానీ చేయి తీసేయాల్సినంత కాలకూడదు. ఫోన్ కెమెరాను దీపం వైపు పెట్టినప్పుడు తెర మీద దట్టమైన నల్లని పట్టీలు కదిలితే డ్రైవర్ నాసిరకమని అర్థం. దాన్ని వారంటీ ఉండగానే వెనక్కి ఇచ్చేయండి.

బైకు, కారు హెడ్‌లైట్లలోని హాలోజన్‌కు మాత్రం ఈ సలహా వర్తించదు. ఆ రిఫ్లెక్టర్‌ను తీగ ఉండే కచ్చితమైన స్థానాన్ని బట్టి మలుస్తారు. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదుటివారి కళ్లలో కొడుతుంది.

మీటరు దగ్గర లెక్క చూసుకోండి

హాల్లో 50 వాట్ల హాలోజన్లు 8 ఉన్నాయనుకుందాం. మొత్తం 400 వాట్లు. రోజుకు 4 గంటలు వెలిగితే నెలకు 48 యూనిట్లు. వాటి స్థానంలో 7 వాట్ల ఎల్‌ఈడీలు 8 పెడితే మొత్తం 56 వాట్లు, నెలకు 7 యూనిట్ల లోపు. మిగిలేది 41 యూనిట్లు. తెలంగాణలో 2022 టారిఫ్‌లో 201–300 శ్లాబుకు పెట్టిన 7 రూపాయల 70 పైసల ధరతో లెక్కిస్తే నెలకు సుమారు 316 రూపాయలు. నెలకు 230 యూనిట్లు వాడే ఇల్లు ఈ ఒక్క మార్పుతో 200 లోపుకు వస్తుంది. నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇచ్చే తెలంగాణ గృహజ్యోతి పథకానికి అర్హత ఉన్న కుటుంబానికి ఆ గీత దాటడం, దాటకపోవడం మధ్య తేడా మొత్తం బిల్లంత. ఆ గదిలో ఏసీ ఉంటే మరో ఆదా ఉంది. హాలోజన్లు చిమ్మే 400 వాట్ల వేడిని బయటికి తోడడానికి ఏసీ అదనంగా 100 వాట్లకు పైగా ఖర్చు చేస్తుంది.

ఈ లెక్కను మీ కళ్లతో చూసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది, పక్కనే ఒక యూనిట్‌కు 3200 మిణుకులు అనో 1600 అనో అంకె ఉంటుంది. ఫ్రిజ్, ఇన్వర్టర్ ఛార్జింగ్ సహా అన్నీ ఆపి, ఈ 8 లైట్లు మాత్రమే వేయండి. 3200 మీటరు మీద హాలోజన్లు ఉన్నప్పుడు ఆ దీపం నిమిషానికి 21 సార్లు మిణుకుతుంది. ఎల్‌ఈడీలు పెట్టాక 3 సార్లే. మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. ఆ అంకెలు రాకపోతే ఎక్కడో మరో లోడు నడుస్తోందని, లేదా పెట్టెమీద రాసిన వాట్లు అబద్ధమని తెలుస్తుంది.

తీసేసిన హాలోజన్ బల్బుల్లో సీఎఫ్ఎల్‌లో ఉన్నట్టు పాదరసం ఉండదు. వాటిని కాగితంలో చుట్టి, పారిశుద్ధ్య కార్మికుల చేతులు తెగకుండా డబ్బాలో పెట్టి పొడిచెత్తలో వేయండి. సీసాల గాజుతో కలపవద్దు, ఎందుకంటే క్వార్ట్జ్ ఆ కొలిమి వేడికి కరగదు. ట్రాన్స్‌ఫార్మర్లు, పాత డిమ్మర్లు ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి. బాగున్నాయి కదా అని దాచిన హాలోజన్ బల్బులు ఉంటే వాటిని కూడా ఇదే సారి తీసేయండి, లేకపోతే ఒక ఎల్‌ఈడీ పాడైన రోజు ఎవరో ఒకరు వాటినే మళ్లీ తగిలిస్తారు.